అర్జునుడి నడుముకు మందుపెట్టె

మా కుటుంబం నుంచి అర్జునుడి వేషాన్ని సుందరరాజు లాక్కున్నాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఊరంతా చూసింది.

మాది పాకాల దగ్గర పల్లె. ఏటా ఎండాకాలంలో ధర్మరాజుల గుడి ముందు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి నాటకం ఆడతారు. అర్జునుడు తపస్సు చేసే ఘట్టం మాత్రం పట్టపగలే. గుడి ముందు కొబ్బరిచెట్టంత మాను నాటుతారు. దానికి మెట్లు కొడతారు. కొసన చిన్న మంచె. అర్జునుడి వేషం కట్టినవాడు తెల్లవారినప్పటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. మెట్టుకు ఒక పద్యం పాడుతూ పైకెక్కాలి. మంచె మీద నుంచి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు, పూలు కిందికి వేస్తాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. ఎవరి చేతిలో నిమ్మకాయ పడితే వాళ్ళ కడుపు పండుతుంది.

మా తాత ఎక్కాడు. మా నాయన ఎక్కాడు. మోకాళ్ళు పోయేదాకా నేను ఎక్కాను. ఆ తర్వాత నా కొడుకు గిరి ఎక్కాడు. వాడి గొంతు నా గొంతు కంటే మేలు. ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

పంతొమ్మిదో ఏట గిరికి షుగరు వచ్చింది. పెద్దవయసులో వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ అసలే పుట్టని రకం. మాత్రలకు లొంగదు. సూది వేసుకోవాలి, ఆ సూదికి తగ్గట్టు వేళకు తినాలి. పొద్దున ఎక్కించిన మందు మధ్యాహ్నం దాకా లోపల పని చేస్తూనే ఉంటుంది. నువ్వు తిన్నావా, పస్తున్నావా అని అది అడగదు. వెనక్కి తీసుకుందామన్నా రాదు.

ఆ ఏడు తపస్సు రోజున వాడు ఎప్పటిలాగే సూది వేసుకున్నాడు, ఉపవాసం ఉన్నాడు, మాను ఎక్కాడు. సగం దాకా బాగానే పాడాడు. అక్కడ నాలుక మడతపడింది. పాడిన పద్యమే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఒళ్ళంతా చెమట. చేతులు వదిలేశాడు. నలుగురు ఎక్కి, పంచెలతో కట్టి, వడ్ల మూటను దించినట్టు దించారు. నోట్లో బెల్లం కుక్కితే కాసేపటికి కళ్ళు తెరిచాడు.

సుందరరాజు గుడి పెద్ద. మైకు వాడి చేతిలో ఉంది. “తపస్సు భంగమైపోయింది” అన్నాడు. అంతటితో ఆగలేదు. “రోగిష్టి ఒంటితో మాను ముట్టుకుంటే ఇట్లే అవతాది” అన్నాడు. ఆ రెండో మాట మైకులో అనాల్సిన పని లేదు. నా భార్య శకుంతలమ్మ ఆడవాళ్ళ మధ్యలో నిలబడి ఉంది. విన్నది.

మరుసటేడు వేషం సుందరరాజు తమ్ముడి కొడుకు ధనశేఖర్‌కు పోయింది. ఆ పై ఏడు శకుంతల పోయింది. జ్వరమన్నారు ఆసుపత్రిలో. ఆ మాటే తీసుకుపోయిందని నాకు తెలుసు.

ధనశేఖర్ చెడ్డవాడు కాడు. గొంతు మాత్రం మేకది. పద్యాలు సెల్‌ఫోన్‌లో చూసి పాడేవాడు. ఒక ఏడు పద్యం మధ్యలో ఫోను మోగితే, అర్జునుడు మాను మీద నుంచే, “బస్సు దిగినారా మామా? ఈడ తపస్సులో ఉండా, మల్ల చేస్తా” అన్నాడు. మైకులో. నేను ఆ గుడి ముందుకు పోవడం మానేశాను. అయినా లౌడ్‌స్పీకరు ఇంట్లోకి వస్తుంది.

గిరి తిరుపతిలో మోటారు సైకిళ్ళ షెడ్డులో మెకానిక్కు. కోడలు లోకేశ్వరిది శ్రీకాళహస్తి. నోరు పెద్దది. రెండేళ్ళ కిందట ఇద్దరూ ఊరికి వచ్చారు. వాడి నడుముకు చిన్న పెట్టె కట్టి ఉంది.

“ఏందిరా అది? కండక్టరు ఉద్యోగమొచ్చిందా?” అన్నాను.

“ఇన్సులిన్ పంపు నాయనా.”

“ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడినాయి?”

వాడు నవ్వాడు. “మన టమోటా తోటకు ముందు కాలవ తెగ్గొట్టి పారించేవాడివి గదా. ఒకరోజు ముంపు, నాలుగు రోజులు ఎండు. ఆమీన డ్రిప్పు వేసినావు. ఇది డ్రిప్పు. సూది మాదిరి ఒక్కసారిగా పోసేది లేదు. దినమంతా సుక్క సుక్క పోతా ఉంటాది. ఎంత గావాల్నో తిప్పుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, ఆపుకోవచ్చు.”

చొక్కా ఎత్తి చూపించాడు. కడుపు మీద బిళ్ళంత అతుకు. దాని నుంచి పెట్టెకు సన్నటి గొట్టం. మూడు రోజులకు ఒకసారి ఆ అతుకు మారుస్తాడట. చేతి మీద ఇంకో బిళ్ళ ఉంది. ఒంట్లో షుగరు ఎంత ఉందో అది పెట్టెకు చెబుతూ ఉంటుంది. పడిపోబోతున్నదని తెలిస్తే పెట్టె తనంతట తానే మందు ఆపేస్తుంది.

నాకు యంత్రాల మీద నమ్మకం లేదు. ఆ మాట చెప్పాను.

ఆ రోజు వాడు మధ్యాహ్నం మూడు గంటలకు అన్నానికి కూర్చున్నాడు. అంతకుముందు పన్నెండున్నర దాటితే వాడి కళ్ళు గడియారం మీదే ఉండేవి. ఎవరింటికి పోయినా ముందు వంటింట్లోకి తొంగి చూసేవాడు. ఆ రోజు తోటంతా తిరిగి, మోటారు విప్పి బిగించి, తీరిగ్గా వచ్చాడు. రాగిసంగటి రెండో ముద్ద అడిగాడు. నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వేయమన్నాడు. పెట్టె మీద ఏదో నొక్కాడు, తిన్నాడు. అంతే.

“ముందైతే నిద్రలో ఈయన నుదురు తడిమి తడిమి సూసేదాన్ని మామా, సెమట పట్టిందేమోనని” అంది లోకేశ్వరి. “ఇప్పుడు పెట్టే సూసుకుంటాది. నాకింగ ఈయన గురక ఒకటే బాధ. దానికీ ఏదన్నా మిషను కనిపెడితే బాగుండు.”

ఈ ఏడు ధనశేఖర్ పెళ్ళాం నీళ్ళోసుకుంది. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు మాను ఎక్కకూడదు. అది మా ఊరి కట్టు. పోయినేడు ధనశేఖర్ వేసిన నిమ్మకాయ తన పెళ్ళాం చేతిలోనే పడింది. గురి చూసి వేశాడని మా వీధి ముసలమ్మ అక్కమ్మ ఊరంతా చాటింది. అర్జునుడి గురి తప్పుతుందా అని కూడా అంది.

పద్యాలు వచ్చినవాడు ఊళ్ళో ఇంకెవరూ లేరు. సుందరరాజు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమని నేను అనలేదు.

“మునిచంద్రా, గిరిని ఎక్కమను.”

“వానిది రోగిష్టి ఒళ్ళు కదప్పా.”

“ఇప్పుడు ఆ మాటలెందుకు?”

“అప్పుడు మైకులో ఎందుకు?”

సుందరరాజు గోడ వైపు చూశాడు. గోడకు శకుంతల పటం ఉంది. అక్కడి నుంచి కూడా చూపు తిప్పుకున్నాడు. “ఎక్కితే ఎక్కమను. ఈసారి గూడా నడాన ఆగిపోతే మాత్రం ఇంగ ఎన్నటికీ ఈ ఇంటికి వేషం లేదు. ఊరు ఒప్పుకోదు” అన్నాడు. ఊరంటే తానే.

గిరి ఆ పూట ఊళ్ళోనే ఉన్నాడు. లోపలి నుంచి వాడి గొంతు వినిపించింది. “ఎక్కతా పెదనాయనా.”

తిరుపతిలో వాడికి మందు చూసే డాక్టరమ్మ పేరు ప్రసన్నకుమారి. గూడూరామె. ఆమెను అడగకుండా కాలు కదపడానికి వీల్లేదని లోకేశ్వరి పట్టుబట్టింది. నేనూ వెంట పోయాను.

“ఎంత ఎత్తు?” అంది డాక్టరమ్మ.

“కొబ్బరిచెట్టంత.”

“ఎంతసేపు పడుతుంది?”

“పద్యాలు అయ్యేదాకా.”

“అవి ఎప్పటికి అవుతాయి?”

“పాడేవాని బట్టి తల్లీ. మా తాతైతే పొద్దు గూకేదాకా పాడేవాడంట.”

ఆమె పెన్ను కింద పెట్టింది. గిరిని చూసింది. వాడు పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ఆమెకూ నవ్వు వచ్చింది.

“సూదుల మీద ఉండుంటే వద్దనే చెప్పేదాన్ని” అంది. “పంపు ఉంది కాబట్టి చూద్దాం. ముందు ఇంట్లో ఉపవాసం ఉండి చూపించాలి. ఎంత తగ్గించాలో నేను చెబుతాను. మాను మీద మాత్రం ఒకటే షరతు. షుగరు డెబ్బైకి దిగితే వెంటనే గ్లూకోజు బిళ్ళలు తినాలి, కిందికి దిగాలి. ఇంకో పద్యం పాడి దిగుతానంటే కుదరదు.” నా వైపు తిరిగింది. “పెద్దాయనా, మీరు మాటివ్వాలి.”

ఇచ్చాను. తింటే ఉపవాసం పోతుంది. ఉపవాసం పోతే వేషం పోతుంది, ఈసారి తిరిగి రాదు. అది ఆమెకు చెప్పలేదు. గిరికి తెలుసు, నాకు తెలుసు.

గిరి తిరుపతి ఇంట్లో రెండుసార్లు పస్తుండి చూశాడు. పెట్టెలో మందు తగ్గించుకుని, డాబా మెట్లు ఎక్కుతూ దిగుతూ పద్యాలు పాడాడు. రెండోసారి కింద వాటా వాళ్ళు వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగారట. డాక్టరమ్మ పెట్టెలోని అంకెలన్నీ చూసుకుని సరేనంది.

తపస్సు రోజు వచ్చింది. నేను గుడికి పోయాను. వేషం కట్టే పాక దగ్గర గిరికి జడలు పెట్టారు, కాషాయం కట్టారు, రుద్రాక్షలు వేశారు. పెట్టె కోసం లోకేశ్వరి కాషాయం గుడ్డతోనే సంచి కుట్టింది. దాన్ని నడుంపట్టీ లోపల దోపింది. అది ధనశేఖర్ నాయన మునిప్రసాద్ కంటబడింది.

“నడుములో ఏముండాది రా?”

“మందు చిన్నాయనా.”

“యాడికి పోతాది?”

“కడుపులేకి.”

“కడుపులేకి ఏది పోయినా భోజనమే. ఉపవాసం చెడె!” అని మునిప్రసాద్ కేక వేశాడు. పాక చుట్టూ జనం చేరారు.

“అది సూదిమందప్పా, భోజనమెట్లవతాది?” అన్నాడొకడు.

“ఆసుపత్రిలో గ్లూకోజు బాటిలు ఎక్కిస్తే ఉపవాసమంటావా?”

“ఇది గ్లూకోజు గాదు. గ్లూకోజును తినే మందు.”

“అయితే తినేది మందు. వీడు గాదు గదా!”

“మందు వీని లోపల ఉండి తింటే వీడు తిన్నట్టే.”

“అట్లయితే నీ కడుపులో నులిపురుగులు తింటే నువ్వు తిన్నట్టేనా?”

ఇది తెగేది కాదని భారతం చెప్పే రామచంద్ర భాగవతారును పిలిచారు. ఆయన విభూతి రాసుకుంటూ వచ్చి, అంతా విని, గిరిని అడిగాడు.

“ఆకలి అవతా ఉండాదా నాయనా?”

“పానం పోతా ఉండాది సామీ.”

“ఆ మందు పోయే కొద్దీ ఆకలి తగ్గతా ఉండాదా?”

“లే సామీ. అది ఎక్కువైతే ఆకలి ఇంకా పెరగతాది.”

భాగవతారు మునిప్రసాద్ వైపు తిరిగాడు. “ఆకలి తీర్చేది అన్నం. ఆకలి పెంచేదాన్ని అన్నమని ఏ శాస్త్రంలో రాసినారు? ఈ బిడ్డ మీ అందరి కంటే పెద్ద తపస్సే చేస్తా ఉండాడు. జరగండి.”

“ఆ మందు మా కోడలికి మాత్రం సూపించొద్దు సామీ” అంది అక్కమ్మ. “ఏ మందూ లేకుండానే సట్టి అడుగు గీకతా ఉండాది.”

అందరూ నవ్వారు. మునిప్రసాద్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

గిరి మానుకు మొక్కి మొదటి మెట్టు ఎక్కాడు. పద్యం ఎత్తుకున్నాడు.

ఇన్నేళ్ళూ మేక అరుపులు విన్న ఊరు. ఒక్క పద్యానికి గోల ఆగిపోయింది. ఐసు బండివాడు గంట కొట్టడం మానేశాడు. హార్మోనియం ఆయన కళ్ళు మూసుకున్నాడు. గొంతు గుడి మీదుగా పోయి గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. మునిచంద్ర కొడుకని నా పక్కవాడితో ఎవరో అంటున్నారు. నేను అటు తిరగలేదు.

లోకేశ్వరి గుడి అరుగు మీద ఫోను పట్టుకుని నిలబడింది. పెట్టెలోని అంకె ఆ ఫోనులో కనిపిస్తుంది. నేను ఫోను చూడలేదు. అడిగాను.

“ఎంత?”

“నూటపది. బాగుండాది మామా.”

ఎండ మీదికి వచ్చింది. వాడు ఎక్కుతున్నాడు. మెట్టుకు ఆగి పాడుతున్నాడు. అప్పుడు ఆగిపోయిన చోటికి వచ్చాడు. అది ఎక్కడో నాకు తెలుసు. సుందరరాజుకూ తెలుసు. వాడు మైకు పెట్టె దగ్గరికి జరిగాడు.

“ఎంత?”

లోకేశ్వరి ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. “ఎనభైనాలుగు. అంకె పక్కన బాణం గుర్తు కిందికి సూపిస్తా ఉండాది.”

ఆ క్షణంలో గిరి మెడకు కట్టిన మైకులో కుయ్ కుయ్ మని మోత వచ్చింది. ఊరంతా వినిపించింది. పద్యం ఆగింది.

“శివుడు ఫోన్ చేస్తా ఉండాడప్పా!” అని ఎవడో కూశాడు.

“ఎత్తరా అర్జునా, మిస్డ్ కాలు అయిపోతాది!”

“పాశుపతం పార్సిలు వచ్చినట్టుండాది. ఓటీపీ సెప్పు గిరీ!”

నవ్వులు మిన్నంటాయి. సాగిలపడిన ఆడవాళ్ళు కూడా తలలెత్తి నవ్వుతున్నారు. సుందరరాజు మైకు అందుకోబోయాడు. నేను వాడికి అడ్డంగా నిలబడ్డాను.

“ముట్టుకోవద్దు” అన్నాను.

“వానికేమన్నా అయితే?”

“నేను సెప్తా. నువ్వు సెప్పొద్దు.”

పైన గిరి నడుము వైపు చూసుకున్నాడు. ఒక చేత్తో పట్టీని తట్టాడు, ఎడ్లబండి తోలేవాడు ఎద్దును తట్టినట్టు. కిందికి చూసి నవ్వాడు. తర్వాతి పద్యం ముందటి దాని కంటే ఒక మెట్టు పై శ్రుతిలో ఎత్తుకున్నాడు.

“పెట్టె మందు ఆపేసింది మామా” అంది లోకేశ్వరి. “ఇంగ సుక్క గూడా లోపలికి పోదు.”

“అయితే లేస్తాదా?”

“ఎంటనే లేవదు. లోపలుండేది కరగాల. సూడాల.”

డెబ్బైతొమ్మిది అంది. ఒక పద్యం అయింది. డెబ్బైఆరు అంది. ఇంకో పద్యం. డెబ్బైమూడు. డాక్టరమ్మకు మాటిచ్చాను. అంకె ఇంకొంచెం దిగితే వాణ్ణి దిగిరమ్మని అరవాలి. ఊరంతా వినేటట్టు, సుందరరాజు వినేటట్టు, నా నోటితో నేనే అరవాలి. గొంతు సవరించుకున్నాను. వేషం పోతే పోయింది. పిల్లోడు చాలు.

“మామా.”

“సెప్పు.”

“డెబ్బైమూడే. బాణం అడ్డం తిరిగింది. ఇంగ దిగడంలే.”

వాడు పాడుతూనే ఉన్నాడు. నాలుక మడతపడలేదు. ఒక్క అక్షరం జారలేదు. డెబ్బైఅయిదు అంది. ఆ తర్వాత ఎనభై అంది. తర్వాత నేను అడగడం మానేశాను. లోకేశ్వరి కూడా ఫోను కొంగులో చుట్టుకుని మాను వైపే చూస్తూ నిలబడిపోయింది.

గిరి మంచె ఎక్కాడు. ఒంటికాలి మీద నిలబడి చేతులు పైకెత్తాడు. ఊరు ఊరంతా గోవిందా కొట్టింది. నిమ్మకాయలు వానలా పడ్డాయి. పూలు గాలికి ఎగిరి ఇళ్ళ కప్పుల మీద వాలాయి. ఒక నిమ్మకాయ దారి తప్పి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న అక్కమ్మ ఒళ్ళో పడింది. ఆమెకు మునిమనవళ్ళున్నారు.

“అక్కమ్మవ్వా, పేరేం పెడతావే?” అని కుర్రకారు చుట్టుముట్టింది.

“సుందరరాజు పేరు పెడతా లేరా. ఈ సుందరరాజుకు రాని బుద్ధి వానికన్నా వస్తాదేమో!”

సుందరరాజుకు వినిపించింది. నాకు హాయిగా ఉంది.

గిరి తన కాళ్ళతో తాను దిగాడు. వాడి కాలు నేలను తాకగానే పలకలవాళ్ళు వాయించారు. ఆ తర్వాత నేను ఎగిరానని అంటారు. భుజం మీది తువ్వాలు తలకు చుట్టి, పలకల ముందు గుండ్రంగా తిరిగానని అంటారు. మోకాళ్ళు పోయినవాడు ఎట్లా ఎగురుతాడు? లోకేశ్వరి ఫోనులో తీసి పెట్టుకుంది. దాన్ని తిరుపతిలో ఆ డాక్టరమ్మకు కూడా చూపించిందట.

గుడి వెనక గిరి ఆకు ముందు కూర్చున్నాడు. పెట్టె మీద నొక్కుకున్నాడు. పులిహోర తిన్నాడు. పొంగలి తిన్నాడు. పాయసం వచ్చినప్పుడు వడ్డించేవాడు గిరి ఆకు దాటి పోబోయాడు.

“ఓయ్, నాకెందుకు పొయ్యవు?” అన్నాడు గిరి.

“నీకు షుగరు కదన్నా.”

“దానికి లెక్క కట్టే నొక్కినా. పొయ్యి.”

మునిప్రసాద్ పక్కన చేరి, గొంతు తగ్గించి, “ఒరే గిరీ, నాకూ షుగరుండాది. నాకూ అదొకటి కట్టిస్తారా?” అన్నాడు.

“నీది మాత్రల రకం చిన్నాయనా. ముందు మాత్రలు వేసుకో. వేసుకొని, బ్రాందీ మానుకో.”

“దానికంటే మాను ఎక్కేదే మేలు” అని మునిప్రసాద్ లేచి పోయాడు. పంక్తి అంతా పగలబడి నవ్వింది. గిరికి పొలమారింది. శకుంతల ఉంటే వాడి నెత్తిన తట్టేది. లోకేశ్వరి తట్టింది.

సుందరరాజు కొత్త తువ్వాలు తెచ్చి గిరి భుజాన కప్పాడు. అర్జునుడి వేషం ఇకమీదట మా ఇంటిదేనని మైకులో చెప్పాడు. తర్వాత మైకు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

“సరిపోయిందా మునిచంద్రా? ఇంగ మరిసిపోదాం.”

“నేను మరవను.”

గిరి చేయి ఆకు మీదే నిలిచింది. “నాయనా” అన్నాడు. “ఈ పొద్దు వద్దు.”

వాడి మొహాన రంగు చెమటకు కారి ఉంది. గడ్డానికి పాయసం అంటింది. కడుపు నిండిన మొహం. నేను ఆ మొహాన్నే చూశాను.

సుందరరాజును నేను క్షమించలేదు. క్షమించను. వాడు మైకులో అన్నది అన్నట్టే ఉంది, శకుంతల విన్నది విన్నట్టే ఉంది. అయితే గిరి వద్దన్నాడు. ఆ పూట సుందరరాజు పక్కన కూర్చుని పొంగలి తిన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఈ సంగతి ఇక నా నోట రాదు. ఎవరైనా ఎత్తితే లేచి పోతాను.